ఊరికే కూర్చునే చోటు

వేసవి సెలవులు మొదలవగానే ఒకసారి, కార్తీకమాసం రాగానే ఇంకోసారి మన దినపత్రికల స్త్రీల పేజీల్లో ఒక వ్యాసం తప్పకుండా వస్తుంది. ఆదివారం కుటుంబంతో పార్కుకో, జూకో, చెరువుగట్టుకో వెళ్లాలంటే ఏమేం సర్దుకోవాలో చెప్పే వ్యాసం. నీళ్ల సీసాలు, పేపరు ప్లేట్లు, పులిహోర, పిల్లలకి టోపీలు, అత్తగారికి మాత్రలు, దోమల మందు, నేలమీద పరుచుకోడానికి పాత దుప్పటి, చెత్త వెయ్యడానికి ఒక సంచి. సాహిత్యం చదువుకున్నదాన్ని కనక వీటిని కూడా ఒక ప్రక్రియగానే చదువుతూ వచ్చాను. ఈ ప్రక్రియకి తనదైన వ్యాకరణం ఉంది. సంబోధన ఎప్పుడూ స్త్రీకే. 'మీవారు', 'మీ చిన్నారులు' అన్నాక ఆ 'మీరు' ఎవరో వేరే చెప్పక్కర్లేదు. క్రియలన్నీ ఆజ్ఞలే. సర్దుకోండి, ముందురోజే ఉడికించి పెట్టుకోండి, మరిచిపోకండి, పిల్లల మీద ఓ కన్నేసి ఉంచండి. ఈ వరసలో 'కూర్చోండి' అనే మాట కోసం ఏళ్లుగా వెతుకుతున్నాను. అందరూ తిన్నాక మీరు కాసేపు చెట్టు కింద ఏమీ చెయ్యకుండా పడుకోండి అని చెప్పిన వ్యాసం ఇప్పటిదాకా నా కంటపడలేదు.

పత్రికలవాళ్ల తెలియనితనం అనుకుని దీన్ని వదిలెయ్యలేం. వంటింటిని బుట్టలో సర్దుకుని చెట్టు కిందికి మోసుకుపోవడాన్ని విహారం అనడం మనకి అంతగా అలవాటైపోయింది. ఇంటిపని గురించి స్త్రీవాదులం చాలానే రాశాం కనక ఇంతవరకూ కొత్తేమీ లేదు. నేను చెప్పదలుచుకున్నది దీని తర్వాతి మాట. మన ఊళ్లలో ఆరుబయలు ఏదో ఒక కారణం చూపించగలిగిన స్త్రీకే తెరుచుకుంటుంది. కారణం లేకుండా, ఊరికే, తనకోసం వచ్చే స్త్రీకి అక్కడ చోటులేదు. ఆమె అలా రాగలిగిన ఒకే ఒక్క పూట పార్కు గేటుకి తాళం ఉంటుంది. ఎలా సర్దుకోవాలో చెప్పే జాబితాలు ఈ తాళాన్ని కనపడకుండా చేస్తాయి. సమస్యంతా మన ప్లానింగులోనే ఉందనిపిస్తాయి.

ఊరు చూడాలన్న కోరిక మగవాడికి కలిగితే ఏమవుతుందో అల్లసాని పెద్దన ఎప్పుడో చెప్పాడు. అరుణాస్పదపురంలో ప్రవరుడు ఇంటికొచ్చిన సిద్ధుణ్ణి తీర్థాల కబుర్లు అడుగుతాడు. ముచ్చటపడతాడు. పాదలేపం పూయించుకుని హిమాలయానికి వెళ్లిపోతాడు. సర్దుకోవడాల్లేవు, అనుమతుల్లేవు. మనుచరిత్రని పాఠంగా చెప్పేటప్పుడు మనం మంచుకొండల వర్ణన దగ్గర, వరూధినీ ప్రవరుల సంభాషణ దగ్గర ఆగుతాం. ప్రవరుడి ఇల్లాలి దగ్గర ఎవరం ఆగం. ఎంతమంది అతిథులొచ్చినా వండడానికి అలవని మనిషని పెద్దన ఆమెని మెచ్చుకుంటాడు. ఆ అలవనితనమే ప్రవరుడి పాదలేపం. వెనక పొయ్యి ఆరదన్న భరోసా ఉన్నవాడికే ముందున్న కొండ అందంగా కనిపిస్తుంది. ఆ ఇల్లాలికి హిమాలయం చూడాలని ఉందా అని కావ్యంలో ఎవరూ అడగలేదు. వ్యాఖ్యాతలూ అడగలేదు. కొండమీద ఒంటరిగా కనిపించిన స్త్రీ మానవకాంత కాదు, అప్సరస. ఇల్లూ వాకిలీ లేని స్త్రీనే ప్రకృతి మధ్య ఊహించగలిగాం.

ఇది ప్రబంధాల కాలం సంగతి, ఇప్పుడు రోజులు మారాయి అనేవాళ్ల కోసం రెండు అంకెలు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు దానిమీద గడుపుతున్నారు. ఆ పని చేస్తున్న పురుషులు గడిపేది 97 నిమిషాలు. మళ్లీ 2024లో చేసిన సర్వేలో అవి 289, 88. ఐదేళ్లలో మనకి పది నిమిషాలు మిగిలాయి. మగవాళ్లకీ తొమ్మిది నిమిషాలు మిగిలాయి కనక మన పని వాళ్లు పంచుకున్నారని సంతోషించడానికీ లేదు. ఆ పది నిమిషాల్లో చెప్పులేసుకుని వీధి చివరికి వెళ్లి రావచ్చు, అంతే.

మన సంప్రదాయం స్త్రీలని ఆరుబయటకి అసలు రానివ్వలేదని నేననను. రానిచ్చింది. అట్లతద్దినాడు ఆడపిల్లలు తెల్లవారకముందే లేచి, చద్దన్నం తిని, చీకట్లోనే వీధుల్లో ఆడుకుంటారు. చెట్టుకొమ్మకి కట్టిన ఊయల ఊగుతారు. మిగతా సంవత్సరమంతా ఆ వేళకి గడపదాటితే నాలుగు తగిలించే ఇళ్లే ఆరోజు పంపుతాయి. ఎందుకంటే అది నోము. మంచి మొగుడు రావాలని, వచ్చిన మొగుడు పదికాలాలు ఉండాలని. ఆ ఊయలకి టికెట్టు మొగుడి ఆయుష్షు. బతుకమ్మ పండక్కి తంగేడు, గునుగు పూల కోసం చేలగట్లమ్మట తిరిగిన అమ్మమ్మలకి ఆ తిరుగుడు ఎంత ఇష్టమో వాళ్ల మాటల్లోనే వింటాం. ఆ ఇష్టాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. ఆ పూలపేరు చెప్పకుండా, ఏ పండగా లేని మామూలు మంగళవారంనాడు అదే గట్టు మీద అదే స్త్రీ ఒక్కతీ కూర్చుంటే ఊరు ఏమంటుందన్నదే నా ప్రశ్న.

ఇక కార్తీక వనభోజనాలు. ఉసిరిచెట్టు నీడలో అందరూ కలిసి తినడం అందమైన ఆచారమే. ఆ 'అందరూ' ఎవరు? ఇవాళ హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో వనభోజనాల బ్యానర్లు చదవండి. ముప్పాతిక మువ్వీసం కులసంఘాలవే. అమెరికాలో పార్కు షెల్టర్లు అద్దెకి తీసుకుని చేసుకునే వనభోజనాలకీ కొన్నిచోట్ల ఈ వాసన అంటింది. తోట అందరిదీ, బంతి ఒక్క కులానిది. అక్కడికి స్త్రీలు పట్టుచీరల్లో వస్తారు, వడ్డిస్తారు, పెళ్లీడు పిల్లల్ని నలుగురి కళ్లలో పడేలా తిప్పుతారు. కులాన్ని కులంలోనే నిలబెట్టే పెళ్లిచూపులు చెట్లనీడలో జరిగిపోతాయి. మధ్యాహ్నం ఆడవాళ్లకి పెట్టే పోటీ ఏమిటో గుర్తుందిగా, కుర్చీలాట. కూర్చునే చోటు కోసం పరిగెత్తడం ఆరోజు కూడా తప్పదన్నమాట. సాయంత్రం ఎంగిలి విస్తళ్లెత్తే స్త్రీకి ఆ వనంలో భోజనం ఎక్కడ పెట్టారని బ్యానరు మీద రాయరు.

నగరంలో చదువుకున్న మధ్యతరగతి స్త్రీకి ఇంకో టికెట్టు దొరికింది. అది ఆరోగ్యం. హైదరాబాదులో 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి పార్కుకి ఏ ఉదయమైనా వెళ్లి చూడండి. స్త్రీలు చాలామందే ఉంటారు, నడుస్తూ. కాళ్లకి బూట్లు, చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం, చూపు ముందుకే. షుగరు, థైరాయిడు, మోకాళ్లు. డాక్టరు చెప్పాడు కనక వచ్చాం అన్నట్టుంటుంది ఆ నడక. నడుస్తున్న స్త్రీని ఎవరూ ఏమీ అడగరు. ఆమె ఆగి, ఓ రాయి మీద కూర్చుని, పావుగంటసేపు నెమళ్లు తిరిగే చోటుకేసి చూస్తూ ఉండిపోతే అప్పుడు మొదలవుతాయి చూపులు. ఎవరికోసమో ఎదురుచూస్తోందనుకుంటారు, లేదా ఇంట్లో ఏదో గొడవైందనుకుంటారు. స్త్రీ ఊరికే కూర్చుంటే దాని వెనక ప్రేమో ఏడుపో ఉండాలి. మూడో కారణం మన ఊహకి అందదు.

పక్కన మగవాడుంటే సమస్య తీరుతుందా? 2021 ఆగస్టులో హైదరాబాద్ ఇందిరా పార్కు దగ్గర పెళ్లికాని జంటలకి ప్రవేశం లేదని బ్యానరు కట్టారు. అభ్యంతరాలు రావడంతో తీసేశారు. బట్ట తీసేశారు గానీ దాని మీది మాట పోలేదు. ప్రతి ఫిబ్రవరి 14కీ పార్కుల్లో దొరికిన జంటలకి పెళ్లిళ్లు చేస్తామని బెదిరించేవాళ్లు వస్తూనే ఉన్నారు. అమ్మాయి బురఖాలో ఉంటే పక్కనున్న అబ్బాయి పేరు, ఊరు అడుగుతూ ఫోను కెమెరాలు ముఖంలోకి దూసుకొస్తాయి. అంటే ఒంటరిగా వస్తే అనుమానం, జంటగా వస్తే పంచాయితీ. మిగిలింది కుటుంబంతో రావడం. ఆ పులిహోర బుట్టతో.

ఇప్పుడు గేటు సంగతి. మన కాలనీ పార్కుల వేళలు ఎప్పుడైనా శ్రద్ధగా చూశారా? చాలాచోట్ల ఉదయం తీసి తొమ్మిదికో పదికో మూసేస్తారు. మళ్లీ సాయంత్రం నాలుగింటికి తీస్తారు. పెద్ద పార్కుల్లో కూడా కొన్నింటికి ఇదే పద్ధతి. ఈ వేళలు ఎవరి దినచర్యని చూసి పెట్టినవి? ఉదయం ఆరునుంచి తొమ్మిదిదాకా ఇంట్లో స్త్రీ ఏం చేస్తుందో మనలో ఎవరికి తెలియదు? టిఫిన్లు, క్యారేజీలు, స్కూలు బస్సు. సాయంత్రం నాలుగు తర్వాత పిల్లలు రావడం, హోంవర్కు, రాత్రి వంట. ఆమె తనదని చెప్పుకోగలిగిన సమయమంటూ ఉంటే అది పదకొండున్నరకీ మూడున్నరకీ మధ్య. ఇళ్లల్లో పనిచేసే స్త్రీలకి కూడా పొద్దుటి ఇళ్లకీ సాయంత్రం ఇళ్లకీ మధ్య దొరికే విరామం అదే. సరిగ్గా ఆ నాలుగు గంటలూ పార్కుకి తాళం. ప్రజల పార్కు అన్నప్పుడు ఆ ప్రజలెవరో ఈ వేళల బోర్డు చెప్పేస్తోంది.

రెండేళ్ల కిందట నవంబరులో ఒక రోజు పేపర్లు దిద్దే పని తొందరగా అయిపోయి, దారిలో ఉన్న ఒక కాలనీ పార్కులో కూర్చున్నాను. పావుగంట కాకుండానే వాచ్‌మన్ వచ్చాడు.

"బంద్ చేసే టైమైంది మేడం. ఎవరన్నా వస్తున్నరా?"

"ఎవరూ రారు. ఊరికే కూర్చున్నా."

"ఊరికేనా?" అని నన్నూ, నా సంచీనీ చూశాడు. "ఒక్కరే ఇట్ల కూసోవద్దు మేడం. మల్ల నన్నంటరు."

అతని మీద నాకు కోపం రాలేదు. కాంట్రాక్టు జీతగాడు. నాకేమైనా అయితే ముందు పోయేది అతని ఉద్యోగమే. నాతోపాటే చీపురు భుజానేసుకుని ఒకామె బయటకొచ్చింది. మధ్యాహ్నం ఇక్కడెవరూ ఉండరా అక్కా అని అడిగాను. "ఏడుండనిస్తరమ్మా. తాళమేస్తరు. మాకు బస్సుకి ఇంక గంటుంటది, గోడకానుకొని కూసుంటం" అంది. తొమ్మిదేళ్లనించీ అక్కడ ఊడుస్తోందట. ఆ బెంచీల మీద ఎప్పుడైనా కూర్చున్నావా అంటే నవ్వింది. గోడ అవతలికి వాలిన కానుగచెట్టు నీడలో, ఫుట్‌పాత్ మీద, ఇళ్లల్లో పనిచేసే స్త్రీలు నలుగురైదుగురు అప్పటికే డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. వాళ్లు తినే చోటుకి రెండు గజాల దూరంలో, గోడకి ఇవతల, మున్సిపాలిటీ డబ్బుతో వేసిన బెంచీలన్నీ ఖాళీగా ఉన్నాయి.

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. భద్రత. నిర్జనంగా ఉండే మధ్యాహ్నాలు గేటు తెరిస్తే ఏదైనా జరగదా అంటారు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగాక పోలీసులు స్త్రీలకి జాగ్రత్తల జాబితా ఇచ్చారు. ఎక్కడికెళ్తున్నారో ఇంట్లో చెప్పండి లాంటివి. ఆ జాబితా చదువుతుంటే నాకు మొదట చెప్పిన విహారయాత్రల జాబితాలే గుర్తొచ్చాయి. అదే సంబోధన, అవే ఆజ్ఞలు. మగవాడు ఆకలేసినా ప్లానింగు మనదే, మృగమైనా ప్లానింగు మనదే. భయం నిజం కాదని నేననను. ఆ భయం నాకూ ఉంది. కానీ ఇల్లు భద్రమైన చోటు, పార్కు ప్రమాదం అనే లెక్క మాత్రం తప్పు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పెళ్లయిన 18 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో భర్త చేతిలో హింసకి గురయ్యామని చెప్పినవాళ్లు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దీన్నిబట్టి ఇళ్లకి తాళాలు వెయ్యమని ఎవరూ అనడం లేదు. స్త్రీకి భయం ఉన్నచోట దీపం పెట్టాలి, మనుషులు మెసిలేలా చూడాలి. తాళం వేస్తే ఆ చోటు ఇంకా నిర్జనమవుతుంది.

అదే సర్వేలో స్త్రీల స్వేచ్ఛ గురించి ఇంకో ప్రశ్న ఉంది. బజారుకి, ఆస్పత్రికి, ఊరి బయటకి మీరు ఒంటరిగా వెళ్లొచ్చా అని అడుగుతారు. ఈ మూడింటికీ వెళ్లొచ్చని చెప్పినవాళ్లు దేశంలో 42 శాతమే. ఈ అంకె చూసి బాధపడి ఊరుకుంటాం గానీ ఆ ప్రశ్నని కూడా చదవాలి. బజారంటే కూరగాయలు. ఆస్పత్రంటే జబ్బు. స్త్రీ స్వేచ్ఛని కొలిచే కొలబద్దలో కూడా పని పేరే ముందుంది. చెరువుగట్టు మీద ఒక్కరే కూర్చోగలరా అని అడగాలన్న ఆలోచన మనల్ని లెక్కపెట్టేవాళ్లకీ రాలేదు.

ఈ ఆలోచన నా ఒక్కదానిదీ కాదు. షిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, షిల్పా రానడే 2011లో తెచ్చిన 'వై లాయిటర్' పుస్తకం ముంబై స్త్రీల తరఫున పనిలేకుండా తిరిగే హక్కుని అడిగింది. బెంగళూరులో మొదలైన బ్లాంక్ నాయిస్ బృందం 'మీట్ టు స్లీప్' పేరుతో స్త్రీలని పార్కుల్లో నిద్రపొమ్మని పిలిచింది. బహిరంగ స్థలంలో స్త్రీ కళ్లు మూసుకోవడం కంటే పెద్ద ధిక్కారం నాకు తోచదు. వాళ్ల మాటకి మన ఊళ్లనుంచి నేను కలపగలిగేది ఒకటుంది. మనదగ్గర స్త్రీని ఆపేది ఒక్క భయమే కాదు. నోము, కులం, పిల్లలు, షుగరు అంటూ ఎన్నో కారణాలు ఇచ్చి మరీ మనల్ని బయటకి పంపుతారు. పంపడంలోనే కట్టడి ఉంది.

కారణం అడగని చోటు కాస్త దొరికితే ఏమవుతుందో కూడా చూశాం. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీలకి ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు లేదు. వెంటనే మొదలైన హేళన గుర్తుచేసుకోండి. పనీపాటా లేకుండా తిరుగుతున్నారట! 2024లో బస్సులో కూర్చుని వెల్లుల్లి ఒలుచుకుంటున్న స్త్రీల వీడియో చూసి రాష్ట్రమంతా నవ్వింది. పనిలేకుండా తిరుగుతున్నారని తిట్టిన నోళ్లే, బస్సులో కూడా పని వదలనందుకు నవ్వాయి. నాకు నవ్వు రాలేదు. ఇంటికెళ్లగానే ఎదురయ్యే పొయ్యిని తప్పించుకోలేక, ఆ పనిని ఒళ్లో పెట్టుకుని అయినా కిటికీ పక్కన కూర్చున్న స్త్రీలు వాళ్లు.

రాసేవాళ్లం కనక మన సాహిత్యాన్ని కూడా ఒక మాట అడగాలి. చలం రాజేశ్వరిని ఇల్లు దాటించి మైదానంలోకి తీసుకెళ్లాడు. ఆ సాహసాన్ని ఎవరూ కాదనలేరు. కానీ ఆమె అమీర్‌తో వెళ్లింది, అమీర్ కోసం వెళ్లింది. మైదానం కోసం మైదానానికి వెళ్లిన స్త్రీ ఆ నవలలో లేదు. సీతకి ప్రసిద్ధమైన తోట అశోకవనం, అది చెర. ఓల్గా 'విముక్త'లోని 'సమాగమం' కథ దగ్గర నాకు ఊపిరాడింది. అక్కడ ముక్కూ చెవులూ పోగొట్టుకున్న శూర్పణఖ అడవిలో తనకోసం ఒక తోట పెంచుకుంటుంది. అందం గురించి లోకం తనకి చేసిన గాయాన్ని ఆ తోటలోనే మాన్పుకుంటుంది. సీత అక్కడికి వెళ్తుంది. భర్త కోసం కాదు, నోము కోసం కాదు. ఇద్దరు స్త్రీలు ఒక తోటలో కూర్చుని మాట్లాడుకుంటారు. అలాంటి చోట్లు మన కథల్లో ఇంకా ఎన్ని ఉన్నాయో వెతకాలి. లేనిచోట రాయాలి.

'ఆడవాళ్లకి వేరే పార్కులు పెడితే సరిపోతుందిగా' అనే సలహా కూడా వస్తుంది. ఢిల్లీ దరియాగంజ్‌లో పర్దాబాగ్ స్త్రీలకోసమే ఉంది. అలాంటిచోట తెరిపిన పడే స్త్రీలుంటే వాళ్ల తెరిపిని నేను కాదనను. అయితే ఊరిలో ఒక మూల మనకిచ్చి మిగతా ఊరంతా వాళ్లు ఉంచుకునే ఏర్పాటుకి ఒప్పుకోలేను.

అడగవలసినవి పెద్ద కోరికలేమీ కావు. మున్సిపల్ పార్కుల గేట్లు పొద్దుటినుంచి సాయంత్రందాకా తెరిచి ఉండాలి, ముఖ్యంగా మధ్యాహ్నాలు. నీళ్లొచ్చే, గడియపడే మరుగుదొడ్లు ఉండాలి. బయటకెళ్లే రోజు పొద్దుటినుంచీ నీళ్లు తాగకుండా ఉండడమే మనలో చాలామంది చేసుకునే మొదటి ప్లానింగు. ఎందుకొచ్చావు, ఎవరితో వచ్చావు అని అడిగే అధికారం గేటు దగ్గర ఎవరికీ ఉండకూడదు. ఆ పార్కుని ఊడ్చే స్త్రీలకి డ్యూటీ మధ్యలో, డ్యూటీ తర్వాత అక్కడ కూర్చునే హక్కు రాతపూర్వకంగా ఉండాలి. స్త్రీల సంఘాలుగా మనం ఇచ్చే వినతిపత్రాల్లో వరకట్నం, గృహహింస, వేతనాల పక్కన ఇది చిన్నదిగా కనిపించవచ్చు. రోజంతా ఎవరో ఒకరి పనిలో ఉండే మనిషికి ఒక గంట ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని చోటు చిన్న విషయమా?

ఈ నవంబరునుంచి మా కాలనీలో కొందరం బుధవారాలు మధ్యాహ్నం పన్నెండింటికి పార్కు దగ్గర కలుద్దామనుకుంటున్నాం. తాళం తియ్యమని రాతపూర్వకంగా అడుగుతాం. తియ్యకపోతే కానుగచెట్టు నీడలో, ఆ నలుగురైదుగురి పక్కన, వాళ్లు జరిగి చోటిస్తే, ఫుట్‌పాత్ మీదే కూర్చుంటాం. పులిహోర ఎవరూ తేవద్దని ముందే చెప్పుకున్నాం.